స్టేజీ బయట కూచిపూడి ఫొటోలు: ముందు కాళ్ళ కింద నేల చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: చెల్లెలికి కూచిపూడి రంగప్రవేశం అయింది. స్టేజీ ఫొటోలు బోలెడున్నా అన్నీ ఒకేలా ఉన్నాయి. ఇప్పుడు బీచ్, ఉప్పు మడులు, పాత కోట, రైల్వే స్టేషన్ లాంటి చోట్ల తీయాలనుకుంటున్నారు. చోటు ఎలా ఎంచుకోవాలి, లెన్స్, షట్టర్ స్పీడ్ ఎంత, అనుమతులు కావాలా, డ్రోన్ వాడొచ్చా?

నేను పెళ్ళి ఫొటోలతో మొదలుపెట్టాను. చాలా ఏళ్ళుగా ఎక్కువగా నాట్యమే తీస్తున్నాను. నా జవాబు సూటిగా: ముందు నేల చూడండి, తర్వాత వెలుగు, ఆఖరున వెనకాల కనిపించే దృశ్యం. ఇన్‌స్టాగ్రామ్‌లో ఏదో బ్యాక్‌గ్రౌండ్ నచ్చి అక్కడికి డాన్సర్‌ని తీసుకెళ్ళిపోతారు చాలామంది. తీరా వెళ్ళాక ఆ అమ్మాయి కాలు మోపలేక నిలబడి చేతులు మాత్రం తిప్పుతుంది. ఆ ఫొటోలో నాట్యం ఉండదు, కాస్ట్యూమ్ ఉంటుంది. ఇక రెండో మాట: మీరు తాళం వింటూ షట్టర్ నొక్కడం నేర్చుకోవాలి. ఈ రెండూ కుదిరితే లెన్స్ ఏదైనా పని జరిగిపోతుంది.

నేల సంగతి ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, కూచిపూడి అంతా అరమండి మీద నడుస్తుంది. మోకాళ్ళు బయటికి తెరిచి, నడుము నిటారుగా ఉంచి, పాదం మొత్తం నేలకి ఆనాలి. నేల మెత్తగా ఉన్నా, వాలుగా ఉన్నా, గుచ్చుకుంటున్నా శరీరం తనను తాను కాపాడుకోవడానికి మోకాళ్ళు దగ్గరికి లాక్కుంటుంది. మనకి కెమెరాలో అది తెలియకపోవచ్చు. నాట్యం తెలిసినవాళ్ళు మాత్రం ఫొటో చూడగానే మొదట మోకాళ్ళే చూస్తారు. మీ చెల్లెలి గురువుగారు చూసి "ఇదేం అరమండి?" అన్నారంటే, సూర్యోదయం ఎంత అందంగా వచ్చినా ఆ ఫొటో ఎక్కడా పెట్టుకోలేరు.

కాబట్టి చోటు చూడ్డానికి వెళ్ళినప్పుడు చెప్పులు విప్పి నడవండి. చెల్లెల్ని కూడా తీసుకెళ్ళి, మామూలు బట్టల్లోనే నాలుగు అడుగులు వేయించండి. షూట్ ఏ టైముకి అనుకున్నారో అదే టైముకి వెళ్ళండి. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ బండలు నాట్యానికి చాలా మంచి చోటు. గరుకుగా ఉంటాయి కాబట్టి పట్టు దొరుకుతుంది, వెనకాల రంగుల గోల ఉండదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో ఉదయం తొమ్మిదికే బండ కాలుతుంది. డాన్సర్లు పైకి చెప్పరు, ఓర్చుకుంటారు, ఆ ఓర్చుకోవడం ముఖంలో కనిపిస్తుంది. నేను ఒక తడి గోనెపట్టా తీసుకెళ్తాను. షాట్‌కీ షాట్‌కీ మధ్య దాని మీద నిలబడమంటాను.

బీచ్ గురించి. పొడి ఇసుకలో అడుగులు పడవు, కాలు దిగిపోతుంది. గెంతు అసలు లేవదు. అలలు వచ్చి వెనక్కి వెళ్ళిన తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడే చేయించాలి. ఆటుపోట్ల టైము ముందే చూసుకుని, నీళ్ళు వెనక్కి తగ్గే వేళకి వెళ్తే ఆ తడి పట్టీ వెడల్పుగా దొరుకుతుంది, మనిషి నీడ కూడా అందులో కనిపిస్తుంది. మనది తూర్పు తీరం. విశాఖ, భీమిలి, సూర్యలంక, ఎక్కడైనా సూర్యుడు సముద్రం వైపు నుంచే వస్తాడు. డాన్సర్‌ని సముద్రం ముందు నిలబెడితే వెనక నుంచి వెలుగు పడి ముఖం చీకటైపోతుంది. నాకైతే ఆ మొదటి పావుగంట సిల్హౌట్‌లకి వాడుకోవడం ఇష్టం. తర్వాత డాన్సర్‌ని పక్కకి తిప్పి, తీరం పొడవునా చూస్తూ తీస్తాను. అప్పుడు వెలుగు పక్క నుంచి పడి కుచ్చెళ్ళ మడతలన్నీ తేలతాయి.

బీచ్‌లో మరో చిక్కు, నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత. ఆ గీత ఎప్పుడూ మీ కెమెరా ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తులోనే డాన్సర్‌ని కోస్తుంది. మీరు నిలబడి తీస్తే, అరమండిలో ఉన్న మనిషికి అది సరిగ్గా తల మీదుగా, లేదా తల పైనుంచి పోతుంది. మోకాళ్ళ మీద కూర్చుని కెమెరాని ఆమె మోకాలి ఎత్తుకి దించారనుకోండి, గీత మోకాళ్ళ దగ్గరికి దిగిపోయి, నడుము నుంచి వేళ్ళ చివరిదాకా మొత్తం ఖాళీ ఆకాశం మీద కనిపిస్తుంది. హస్తాలు, అంటే చేతి ముద్రలు, చదవడానికి ఇంతకంటే మంచి పలక దొరకదు. బీచే కాదు, ఎక్కడైనా సరే అరమండిని నిలబడి తీయకండి. పైనుంచి చూస్తే కాళ్ళు పొట్టిగా కనిపిస్తాయి.

ఉప్పు మడుల గురించి. చిన్నగంజాం వైపు, అటు నౌపడా వైపు ఉన్నవి చూసి చాలామంది ముచ్చటపడతారు. తెల్లటి ఉప్పు మీద ఎర్ర కాస్ట్యూమ్ నిజంగానే అదిరిపోతుంది. కానీ ఉప్పు పలుకు గుచ్చుకుంటుంది, పారాణి పెట్టుకున్న పాదంలో చిన్న చీలిక ఉన్నా భగ్గున మండుతుంది. మడిలోకి దింపవద్దు. తొక్కి గట్టిపడిన గట్టు మీదే చేయించండి, ఆ గట్టు మీద కూడా అడుగుల అంశం కాకుండా నిలిచి ఉండే భంగిమలు. పక్క మడిలో నీళ్ళు నిలిచి ఉంటే అందులో ప్రతిబింబం వస్తుంది, అది చాలు. రెండు బిందెల మంచినీళ్ళు పెట్టుకుని, అయిపోగానే కాళ్ళు కడిగించండి. గజ్జెలకి ఉప్పునీళ్ళు తగలనివ్వకండి, తోలు బిరుసెక్కి పగిలిపోతుంది. ఇంకో మాట, అది ఉప్పు రైతులు కష్టపడే చోటు. గట్టు ఎవరిదో కనుక్కుని అడిగి, వాళ్ళు పని చేసుకునే గట్టు వదిలేసి తీసుకోండి. కుప్ప పోసిన ఉప్పు మీదకి ఎక్కవద్దు. అది వాళ్ళ పంట.

తెల్లటి నేల కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌ని మోసం చేస్తుంది. తెలుపంతా బూడిదరంగుగా, మనిషి నల్లగా వస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా (అంటే వెలుగు రెట్టింపు దాకా) పెంచి, ముఖం చూసుకోండి. నల్లరాతి గుళ్ళ దగ్గర దీనికి సరిగ్గా తిరగేసి: మీటర్ నమ్మితే రాయి బూడిదరంగులోకి వచ్చి, టెంపుల్ జ్యువెలరీ మెరుపులన్నీ తెల్లగా కాలిపోతాయి. కొంచెం తగ్గించి తీయండి. జరీ, సూర్యవంక, చంద్రవంక, వడ్డాణం, ఇవి ఒకసారి తెల్లబోయాయంటే ఎడిటింగ్‌లో తిరిగి రావు.

రంగుల గురించి ఒక్క ముక్క. ఎర్రమట్టి దగ్గర మెరూన్ కట్టిస్తే మనిషి మట్టిలో కలిసిపోతుంది, ఆకుపచ్చో నెమలి నీలమో కట్టించండి. నల్లరాయి ముందు పసుపు, తెలుపు బాగుంటాయి. అన్నట్టు, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసి ఉంటారు. అది రక్షిత భూవారసత్వ స్థలం, ఇసుక దిబ్బలు అడుగు పడితే రాలిపోయేంత సున్నితం. నేను అక్కడ నాట్యం షూట్ చేయను, అడిగినవాళ్ళకి కూడా వద్దనే చెబుతాను. గుంటూరు మిర్చి యార్డు కూడా అడుగుతుంటారు. మూసిన షెడ్లలో ఆ ఘాటుకి రెండు నిమిషాల్లో కళ్ళ నుంచి నీళ్ళు కారి కాటుక బుగ్గల మీదకి వస్తుంది. మిర్చి కావాలనుకుంటే సీజన్‌లో పల్లెల్లో ఆరబోసిన కళ్ళాలకి వెళ్ళండి. గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని, డాన్సర్‌ని గాలి వచ్చే వైపు, రాశుల్ని అవతల వైపు ఉంచుకోండి.

ఇప్పుడు తాళం సంగతి. "బర్స్ట్ మోడ్ పెట్టి వదిలేస్తే ఏదో ఒకటి దొరుకుతుంది కదా" అనుకోకండి. లెక్క చూడండి: వేగంగా కదిలే చెయ్యి సెకనుకి మూడు మీటర్లు పోతుందనుకుందాం. కెమెరా సెకనుకి 10 ఫ్రేములు తీస్తే, రెండు ఫ్రేముల మధ్య చెయ్యి 30 సెంటీమీటర్లు జరిగిపోతుంది. పతాక హస్తం సరిగ్గా చాచిన క్షణం ఆ రెంటి మధ్య పడిపోతుంది. మీకు దొరికేది దానికి ముందుదో, వెనకదో. అదే చేతిని ఒక్కసారి, 1/500 సెకనులో పడితే కదలిక ఆరు మిల్లీమీటర్లే. కాబట్టి సరైన క్షణం ముఖ్యం, ఫ్రేముల సంఖ్య కాదు.

ఆ క్షణం మీకు తాళం చెబుతుంది. చెల్లెల్ని సొల్లు, అంటే అడుగుల లయ చెప్పే అక్షరాలు, పైకి చెబుతూ చేయమనండి. తకధిమి అని నాలుగులో నడుస్తోందా, తకిట అని మూడులో నడుస్తోందా వినండి. మీరు కూడా పెదాలు కదుపుతూ లెక్కపెట్టండి. కెమెరాకీ వేలికీ కొంచెం ఆలస్యం ఉంటుంది, కదలిక చూశాక నొక్కితే అప్పటికే ఆలస్యం. దెబ్బ పడబోయే ముందు వేలు కదలాలి. దీనికి నేను ఎక్కువగా వాడుకునేది ముక్తాయింపు. ముగింపు ముక్క సాధారణంగా మూడుసార్లు తిరిగి వస్తుంది. మొదటిసారి ఫ్రేము సరిచేసుకోండి. రెండోసారి చేతులు ఎంత దూరం చాచుతుందో, అంచుల్లో కోసుకుపోతున్నాయో చూసుకోండి. మూడోసారి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, నొక్కండి. అక్కడ డాన్సర్ ఒక్క క్షణం పూర్తిగా నిలుస్తుంది, కళ్ళు కూడా నిలుస్తాయి. కుచ్చెళ్ళు మాత్రం శరీరం ఆగాక ఇంకొంచెం ముందుకు ఊగుతాయి. ఆ విసనకర్ర పూర్తిగా విచ్చుకునేది అప్పుడే.

గెంతుల విషయంలో, పైకి వెళ్ళి కిందకి దిగబోయే కొసన శరీరం దాదాపు ఆగినట్టుంటుంది. 1/500 సరిపోతుంది, గజ్జెలు కూడా నిలవాలంటే 1/1000. నిలిచిన భంగిమకి, అభినయానికి 1/250 చాలు. భ్రమరిలో తిరిగేటప్పుడు నాకైతే 1/15 పెట్టి చీర రంగుని గీతలా సాగనివ్వడం ఇష్టం, ముఖం కెమెరా వైపు వచ్చే క్షణానికి నొక్కాలి. దానికి ట్రైపాడ్ ఉంటే మంచిది. లెన్స్ అంటే, ఒక 35 ఎంఎం, ఒక 85 ఎంఎం ఉంటే చాలు. చోటు కూడా కనిపించాలంటే 35, చోటు నుంచి మనిషిని వేరు చేయాలంటే 85. 24 కంటే వెడల్పు లెన్స్‌తో దగ్గరికి వెళ్ళకండి. ముందుకు చాచిన చెయ్యి ముఖం అంత పెద్దదిగా వస్తుంది.

మనిషిని ఎంత పెద్దగా చూపించాలి అన్నది కూడా ఆలోచించండి. చాలామంది భయపడి ఫ్రేమంతా డాన్సర్‌తోనే నింపేస్తారు. అలాంటప్పుడు గండికోట దాకా వెళ్ళడం ఎందుకు? 1971లో అమెరికన్ కొరియోగ్రాఫర్ ట్రిషా బ్రౌన్ న్యూయార్క్ సోహో మేడల మీద డాన్సర్లని ఒకరికొకరు దూరంగా నిలబెట్టి, కదలికని మేడ నుంచి మేడకి పంపించింది. 1973లో దాన్ని మళ్ళీ చేసినప్పుడు బాబెట్ మాంగోల్ట్ తీసిన ఫొటోలో వాళ్ళు నీళ్ళ ట్యాంకుల మధ్య చిన్న చిన్న ఆకారాలే, అయినా కన్ను నేరుగా వాళ్ళ మీదకే పోతుంది. గండికోటలో పెన్నా లోయ అంచు నుంచి బాగా వెనక్కి ఉన్న చదునైన రాయి మీద డాన్సర్‌ని నిలబెట్టి, దూరం నుంచి అలాంటి ఫ్రేము ప్రయత్నించండి. భంగిమ మాత్రం దూరం నుంచి కూడా ఆనవాలు పట్టేలా ఉండాలి: చేతులు శరీరం నుంచి విడిగా, జడ పక్కకి. అంచు దగ్గరికి మాత్రం వద్దు. అరమండిలో కళ్ళు చేతుల వెంట పోతాయి, కాళ్ళు చూసుకోవడం కుదరదు.

నాకు బాగా నచ్చిన పని ఒకటి చెబుతాను. అది బీచూ కాదు, కోటా కాదు. మంగళగిరిలో ఒక నేత షెడ్డు. గుంట మగ్గం, ఒకే కిటికీ, అందులోంచి ఏటవాలుగా వెలుగు. అడుగులు వేసేంత చోటు లేదు. అందుకని సత్యభామ అభినయం మాత్రమే పెట్టుకున్నాం. డాన్సర్ మగ్గం పక్కన మట్టి నేల మీద కూర్చుని జడ ముందుకి వేసుకుంది. నేతాయన పని ఆపలేదు. ఆపమని మేము అడగలేదు కూడా. నాడె ఇటు నుంచి అటు పోయిన ప్రతిసారీ ఠక్‌మని ఒక దెబ్బ. కాసేపటికి డాన్సర్ చూపు ఆ దెబ్బకి తిరగడం మొదలైంది: దెబ్బకి కనుబొమ లేచింది, తర్వాతి దెబ్బకి అలక, ఆ తర్వాత మెడ పక్కకి. స్పీకర్ ఆపేశాం. ఐఎస్ఓ 3200, షట్టర్ 1/125, లెన్స్ అపెర్చర్ f/1.8 దగ్గర. ముఖం సగం వెలుగులో, సగం నీడలో, వెనకాల పడుగు దారాలు గీతలుగీతలుగా. ఆయన చేతులు కూడా ఫ్రేములో ఉన్నాయి, ఉండాలనే పెట్టాను. తర్వాత ప్రింటు తీసి ఇస్తే షెడ్డు గోడకి తగిలించారు. ఆ చోటుకి సరిపోయే అంశం దొరికితే వెతకాల్సిన పని ఉండదు. కాబట్టి మీ చెల్లెలికి ఏ అంశాలు వచ్చో ముందు అడిగి, ఆ తర్వాత చోట్ల జాబితా రాయండి.

అనుమతుల సంగతి. పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల్లో, అంటే గోల్కొండ, లేపాక్షి, రామప్ప లాంటి చోట్ల, చేతిలో కెమెరాతో ఫొటో తీసుకోవడం వేరు, ట్రైపాడ్, లైట్లు పెట్టి షూట్ చేయడం వేరు. రెండోదానికి ముందే అనుమతి కావాలి. పూర్తి ఆహార్యంలో మనిషి కనిపిస్తే గేటు దగ్గరే ఆపి అడుగుతారు, కాబట్టి అనుమతి కాగితం ప్రింటు జేబులో ఉంచుకోండి. రామప్ప 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాలోకి వచ్చింది. అక్కడ నల్లరాతి మదనికల (నాట్య భంగిమల్లో ఉన్న స్త్రీ శిల్పాల) పక్కన అదే భంగిమలో డాన్సర్‌ని నిలబెట్టడం అందరూ చేసేశారు. నాకైతే సాయంత్రం స్తంభాల నీడల మధ్య నడక తీయడం నచ్చుతుంది. అది పూజలు జరిగే గుడి కూడా, పూజ వేళల్ని గౌరవించండి. శిల్పాల మీద చెయ్యి వేయడం, ఆనుకోవడం, ఎక్కడం అసలే వద్దు. ఆ కుంకుమ, పారాణి మరకలు రాయికి పట్టేస్తాయి.

రైల్వే స్టేషన్ అంటే రైల్వే ప్రజాసంబంధాల విభాగం నుంచి రాతపూర్వక అనుమతి. పట్టాల మీద షూట్ వద్దే వద్దు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద పట్టాల మీదకి వెళ్ళడం నేరం, ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. శిక్ష మాట అటుంచండి. సంగీతం పెట్టుకుని తాళంలో ఉన్న మనిషికి రైలు చప్పుడు వినపడదు. పైన తీగల్లో 25,000 వోల్టులు ఉంటాయి, పొడవాటి లైట్ స్టాండ్లు ఎత్తడం కూడా ప్రమాదమే. ప్లాట్‌ఫారం మీద అయితే, అది కాంక్రీటు అని గుర్తుంచుకోండి. స్టేజీ చెక్క కొంచెం స్ప్రింగ్‌లా తీసుకుంటుంది, కాంక్రీటు తీసుకోదు. గట్టిగా తట్టే అడుగులు పదే పదే చేయిస్తే మోకాలి కింద ముందువైపు ఎముకలు నొప్పెడతాయి. "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అనడం మన ఫొటోగ్రాఫర్లకి అలవాటు. అక్కడ మాత్రం మానుకోవాలి.

ఇక ఎవరూ రాయని విషయాలు. పూర్తి ఆహార్యం, మేకప్ కలిపి గంటా రెండు గంటలు పడుతుంది. జనవరిలో విశాఖలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో, మే నెలాఖరుకి అయిదుంబావు దాటగానే. అంటే వేసవిలో షూట్ పెట్టుకుంటే ఆ అమ్మాయి రెండున్నరకి లేవాలి. బట్టలు మార్చుకోవడానికి దగ్గర్లో ఒక ఇల్లో, లాడ్జి గదో మాట్లాడుకోండి, కారు వెనక సీటు దానికి పనికిరాదు. అమ్మగానీ, పిన్నిగానీ, తోటి డాన్సర్‌గానీ పక్కన ఉండాలి, పిన్నీసులు సరిచేయడానికీ, జనం మూగి ఫోన్లు ఎత్తినప్పుడు అడ్డు చెప్పడానికీ. ఒళ్ళు వేడెక్కడానికి కనీసం పావుగంట ఇవ్వండి. చల్లటి తెల్లవారుజామున నేరుగా గెంతమంటే కండరం పట్టేస్తుంది. గజ్జెలు చోటు చేరాకే కట్టించండి, గజ్జెలు కట్టుకుని చెప్పులు వేసుకోరు. అందుకని నడవాల్సిన దూరం తక్కువగా ఉన్న చోటు చూసుకోండి. మొదలుపెట్టే ముందు భూమికి నమస్కారం చేసుకుంటుంది, ఆ సమయం ఇవ్వండి, అప్పుడు కెమెరా దించండి. కావాలంటే ముందే అడిగి తీయండి.

ఫొటోలు ఎంపిక చేసేటప్పుడు చెల్లెల్ని, వీలైతే గురువుగారిని కూడా కూర్చోబెట్టండి. మీకు నచ్చిన ఫొటోలో కటకాముఖ హస్తం వేళ్ళు జారి ఉండొచ్చు. నేనైతే డాన్సర్ వద్దన్న ఫొటో ఎంత బాగున్నా బయట పెట్టను.

డ్రోన్ అడిగారు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు ఏ జోన్‌లో ఉందో చూడండి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు, విమానాశ్రయాల దగ్గరా, నేవీ ఉన్న విశాఖ తీరంలోనూ చాలా చోట్ల కుదరదు. కానీ మీ పనికి డ్రోన్ వద్దనే అంటాను. నెత్తి మీద నుంచి చూస్తే అరమండి ఉండదు, ముఖం ఉండదు, హస్తాలు గుర్తుపట్టలేం. ఫ్యాన్ గాలికి ఇసుక లేచి కళ్ళల్లో పడుతుంది, ఆ రొదలో సొల్లు వినపడదు. ఆ డబ్బుతో ఒక రోజు ముందే వెళ్ళి, అదే టైముకి ఆ నేల మీద చెల్లెలితో నాలుగు అడుగులు వేయించి రండి.